ట్యాంకు మీద ఎండ

సందెమ్మ అన్నది అత్తగారు పెట్టిన పేరు. ముద్దుకు పెట్టింది కాదు. "దీపాల వేళకు ఇంట్లో కాలు నిలవని కోడలిని ఈ వీధిలో నేనొక్కదాన్నే తెచ్చుకున్నాను" అని నలుగురిలో దెప్పడానికి పెట్టింది. ఏళ్లు గడిచేసరికి దెప్పు అరిగిపోయి పేరు మిగిలింది. వీధి మొగలో కూరలమ్మే ఆవిడ నుంచి ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె సందెమ్మే. ఆఫీసు కాగితాల్లో మాత్రం 'పరిశీలన సహాయకురాలు'. ఆ మాటను నోరారా పలికినవాళ్లు ఎవరూ లేరు, ఆమెతో సహా.

ఇంటికీ ఆఫీసుకూ మధ్య రెండు సందులు. ఆఫీసంటే వాతావరణ పరిశీలన కేంద్రం, మూడంతస్తుల పాత కట్టడం, దాని మిద్దె మీద ఒక చిన్న గది. గది కప్పులో అరచేయంత గాజు కిటికీ, దాని మీద ఇనప మూత, కింద బల్ల మీద వెలుగును రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం. పొద్దున సూర్యుడు లేవకముందే వెళ్లి మూత తీయాలి, గాజు తుడవాలి, యంత్రం నిమిషానికొకటి చూపించే అంకెల్ని టైముతో సహా రిజిస్టరులో రాయాలి. సాయంత్రం సూర్యుడు దిగేటప్పుడు మళ్లీ అంతా మొదలు. ఈ రెండింటికీ మధ్య పగలంతా ఫైళ్లు కట్టడం, బూజు దులపడం, ఎవరేది అడిగితే అది వెతికిపెట్టడం. ఇరవై రెండేళ్లుగా ఇదే.

మొదట్లో ఆమెకు ఏమీ అర్థమయ్యేది కాదు. అర్థమయ్యేలా చెప్పింది అప్పటి పెద్దసారు. మనిషి తాటిచెట్టంత పొడుగు, గొంతు మాత్రం పక్కవాడికి కూడా వినపడదు. ఒక సాయంత్రం ఆమెను పిట్టగోడ దగ్గరికి పిలిచి, ఎదురుగా దూరాన ఉన్న నీళ్ల ట్యాంకును చూపించాడు.

"అమ్మాయ్, మన కాళ్ల దగ్గర ఎండ ఉందా?"

"లేదు సార్, పోయింది."

"ట్యాంకు మీద?"

"ఉంది. పైన అంచు మీద మాత్రం."

"అంటే నీడ కింది నుంచి పైకి ఎక్కుతోంది. ట్యాంకు అయిపోయాక ఆగిపోతుందా? ఇంకా పైకి పోతుంది. పక్షులు ఎగిరేచోటు, మబ్బులు ఉండేచోటు, విమానాలు పోయేచోటు, వాటి పైన ఇంకా. మన ఇల్లంతా చీకటి పడ్డాక కూడా ఆ పైన గాలి మీద ఎండ ఉంటుంది. ఆ ఎండే చెదిరి మన కిటికీలోకి దిగుతుంది. నిమిషం నిమిషానికీ ఇంకో మెట్టు పైనుంచి దిగుతుందన్నమాట. నిచ్చెన లేకుండా ఆకాశం ఎక్కే వేళ రోజుకు రెండే సార్లు వస్తుంది."

"అయితే ఎక్కి ఏం చూస్తాం సార్?"

"దొంగల్ని" అని నవ్వాడాయన. "ఎండలో రంగులుంటాయి కదా. పైన ఉన్న ఒక్కో వాయువూ తనకిష్టమైన రంగును కాస్త కొరికి తింటుంది. నైట్రోజన్ డయాక్సైడ్ నీలాన్ని కొరుకుతుంది. ఓజోను ఇంకోదాన్ని. కిందికి చేరిన వెలుగులో ఏ రంగు ఎంత తగ్గిందో చూస్తే ఏ మెట్టు మీద ఏ దొంగలు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది."

అప్పటి నుంచి ఆమె ఆ గదిలోకి జీతం కోసం మాత్రమే వెళ్లలేదు.

రిజిస్టరులో చివరి గడి 'ఇతర విషయాలు'. అంతకు ముందున్నవాళ్లు దాన్ని ఖాళీగా వదిలేసేవారు. పెద్దసారు ఆమెతో అన్నాడు: "యంత్రం చూసింది యంత్రం చెబుతుంది. నువ్వు చూసింది నువ్వు రాయి." ఏం రాయాలో ఆయన చెప్పలేదు. ఆమెకు తెలిసినది ట్యాంకు ఒక్కటే. కాబట్టి రోజూ పొద్దున 'ట్యాంకు మీద ఎండ పడింది', సాయంత్రం 'ట్యాంకు మీద ఎండ పోయింది' అని, టైముతో, సెకన్లతో రాయడం మొదలుపెట్టింది. మబ్బు పడితే 'మబ్బు, కనపడలేదు' అని. జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకుని వెళ్లి రాసింది. కూతురు పుట్టినప్పుడు నలభై రోజులు మంచం దిగలేకపోతే, దర్జీ అయిన మొగుడికి పని నేర్పి పంపింది. ఆ నలభై రోజుల గడుల్లో ఇప్పటికీ అతని దస్తూరీ ఉంది: 'ఎండ పోయినది. మూత బిగుతుగా ఉన్నది. టీ త్రాగితిని.'

పెద్దసారు రిటైరై, కొన్నాళ్లకు కన్నుమూశాడు. ఇద్దరు ముగ్గురు సార్లు వచ్చారు, వెళ్లారు. మూడేళ్ల క్రితం పాత యంత్రం చెడిపోతే కొత్తది పెట్టారు. ఈ ఏడు కొత్త సారు వచ్చాడు. చిన్నవాడు, చురుకైనవాడు, మాట కొంచెం కటువు. చెడ్డవాడు మాత్రం కాదు.

ఒక మధ్యాహ్నం ఆయన ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. బల్ల మీద రిజిస్టర్లు, గీతల కాగితాలు పరిచి ఉన్నాయి.

"అమ్మా, కూర్చోండి."

ఆ గదిలో కూర్చోమన్న సారు ఇంతవరకు లేడు. కూర్చోమన్నారంటే ఏదో కొంప మునిగిందని ఆమెకు తెలిసిపోయింది.

"నైట్రోజన్ డయాక్సైడ్ పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉంటుంది. తెలుసుగా?"

"తెలుసు సార్. రాత్రిళ్లు వేరే రూపంలోకి పోయి దాక్కుంటుంది. పగలు ఎండ తగిలితే మళ్లీ బయటికొస్తుంది. అందుకని సాయంత్రానికి ఎక్కువవుతుంది."

ఆ జవాబు ఆయన ఊహించలేదు. కాగితం ఆమె వైపు తిప్పాడు. "పంతొమ్మిదేళ్లు అలాగే ఉంది. ఈ మూడేళ్లుగా చూడండి. పొద్దున పెరిగింది, సాయంత్రం తగ్గింది. రెండూ దాదాపు ఒకటే అయిపోయాయి. ఆకాశం అలా మారదు. నేను సూటిగా అడుగుతాను, ఏమనుకోకండి. సాయంత్రాలు మీరు నిజంగా వచ్చారా? లేక పొద్దుటి అంకెలు చూసి సాయంత్రానివి..."

మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయాల్సిన అవసరమూ లేదు.

"వచ్చాను సార్" అంది.

"పది రోజుల్లో ఈ కేంద్రం లెక్కలన్నీ పంపాలి. ఎక్కడెక్కడి కేంద్రాల లెక్కలూ ఒకచోట కలుపుతున్నారు. కారణం దొరక్కపోతే ఈ మూడేళ్లూ కొట్టేసి, పరిశీలన నమ్మదగినది కాదని రాయాలి. అలా రాస్తే ముందటి పంతొమ్మిదేళ్లను మాత్రం ఎవరు నమ్ముతారు? నాకూ బాధగానే ఉందమ్మా."

"చివరి గడిలో నేను రాసినవి చూశారా సార్?"

"చూశాను. ట్యాంకు, ఎండ... బాగుంది, కవిత్వంలా ఉంది. కానీ అది లెక్కకు పనికొచ్చేది కాదు కదా."

ఆ సాయంత్రం కూడా ఆమె మిద్దెక్కింది. మూత తీసింది, గాజు తుడిచింది, అంకెలు రాసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. కాసేపటికి 'ట్యాంకు మీద ఎండ పోయింది' అనే రాసింది, టైముతో.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే అత్తగారు పసిగట్టింది. ఎనభై దాటినా ఆవిడ కంటికి ఏదీ తప్పదు.

"ఏమే, ఆకాశం విరిగి నెత్తిన పడిందా?"

సంగతి చెప్పక తప్పలేదు. అంతా విని ఆవిడ మంచం మీదే లేచి కూర్చుంది.

"ఎవడే అన్నది? సాయంత్రాలు నువ్వు వెళ్లలేదన్నాడా? ఆ పురిటి రోజులు తప్ప ఇరవై రెండేళ్లలో సందె వేళ ఒక్క రోజు ఈ ఇంట్లో ఉన్నావుటే నువ్వు? ఉంటే నేనెందుకు దెప్పుతాను? రమ్మను ఆ సారుని. నా తిట్లు లెక్కపెట్టుకోమను. రోజుకొకటి చొప్పున ఉంటాయి, ఒకటి తగ్గితే నన్నడగమను!"

నవ్వాపుకోలేక మొగుడికి పొలమారింది. సందెమ్మకు కూడా నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ఇంతసేపూ ఆపుకున్న కన్నీళ్లూ వచ్చాయి. ఇన్నేళ్ల దెప్పులూ ఒక్కసారిగా సాక్ష్యాలై తన పక్కన నిలబడతాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

భోజనాలయ్యాక దర్జీ ముందుగదిలో మిషను మీద మిగిలిన పని పెట్టుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది.

"ఒక్క సంగతి మాత్రం నాకూ తేడాగానే ఉంది" అంది. "ఈ మూడేళ్లుగా ట్యాంకు మీద ఎండ ఆలస్యంగా పోతోంది. ఐదు నిమిషాలు, ఆరు నిమిషాలు. ఆ ఏడే ట్యాంకు పైన కొత్త గోడ కట్టారు కదా, ఎత్తు పెరిగింది, అందుకని ఎండ ఎక్కువసేపు నిలుస్తోందనుకున్నాను."

"మరి పొద్దున?"

"పొద్దున ఏంటి?"

"పొద్దున ఎండ ఎప్పుడు పడుతోంది? ముందా, వెనకా?"

"పొద్దున కూడా ఆలస్యమే."

దర్జీ మిషను ఆపాడు. ముక్కు మీద కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఎత్తు పెరిగితే సాయంత్రం ఆలస్యంగా పోవాలి, సరే. పొద్దున తొందరగా పడాలి కదా? పంట్లాం పొడుగైతే రెండు కాళ్లూ పొడుగవుతాయి. ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టీ అయిందంటే గుడ్డ పెరగలేదన్నమాట. కొలిచేటప్పుడు టేపు జరిగిందన్నమాట."

సూది ఆమె వేలికి గుచ్చుకుంది. పట్టించుకోలేదు.

"టేపు" అంది. "టేపు జరిగింది."

మర్నాడు చీకటుండగానే ఆఫీసు మెట్లెక్కింది. గదిలో దీపం వేసి ముందు చూసింది గోడ గడియారాన్ని. తర్వాత యంత్రం మీది టైమును. రెండూ ఇంచుమించు ఒకటే. అందులో వింతేముంది? మూడేళ్లుగా రోజూ చూస్తున్నదే. కానీ అవి ఒకటి కాకూడదు.

ఆ గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుంటుంది. ముందు పెట్టింది ఎవరో కాదు, తనే. సందె ఎవరి కోసమూ ఆగదు, రెండు నిమిషాలు ఆలస్యమైతే నిచ్చెనలో కింది మెట్లు జారిపోతాయి. ఆ భయంతో ఉద్యోగంలో చేరిన తొలి నెలలోనే ముల్లు ముందుకు తిప్పింది. చూసినప్పుడల్లా మనసులో ఐదు తీసేసుకోవడం ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. రిజిస్టరులో మాత్రం చేతి వాచీ టైమే రాసేది. ఆ వాచీని రోజూ రేడియోలో టైము చెప్పినప్పుడు సరిచూసుకునేది. కొత్త యంత్రం వచ్చాక, అది చూపించే టైమే రాయాలన్నారు. వాచీ తీసి బీరువాలో పెట్టింది.

యంత్రం బిగించిన రోజు కళ్లకు కట్టింది. బిగించడానికి వచ్చినతను కింద కూర్చుని తీగలు కలుపుతున్నాడు. తను నిచ్చెన మీద నిలబడి గాజు తుడుస్తోంది, పావురాలు పాడుచేశాయి. "టైమెంతండీ?" అని అడిగాడతను. "అదుగో, గోడ మీద చూసుకోండి" అంది. ఐదు తీసెయ్యమని చెబుదామనుకునేలోపు తడిగుడ్డ జారి కిందపడింది. అది తీసేలోపు మాట మరుపున పడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడేళ్లుగా తప్పును నెత్తి మీద గోడకు తగిలించుకుని ట్యాంకును అనుమానించింది.

ఆ క్షణంలో ఆమెకు రెండు దారులు కనపడ్డాయి. యంత్రం టైము తప్పని మాత్రం చెప్పి ఊరుకోవచ్చు. ఎవరు తప్పుగా పెట్టారో ఎవరికీ తెలియదు, బిగించినతని మీదకి పోతుంది. లేదా ఉన్నదున్నట్టు చెప్పాలి. పెద్దసారు మాట గుర్తొచ్చింది: నువ్వు చూసింది నువ్వు రాయి. చూసింది రాయడమంటే తనకు అనుకూలమైనది రాయడం కాదు కదా. ఆ పొద్దుటి అంకెలన్నీ రాసి, చివరి గడిలో ఎండ పడిన టైము రాసి, దాని కింద ఇంకో వాక్యం చేర్చింది: 'ఈ యంత్రం టైము తప్పు. కారణం నేను ముందుకు పెట్టిన గోడ గడియారం.' సంతకం పెట్టింది.

సారు వచ్చేదాకా ఆగి, రిజిస్టరు ఆయన ముందుంచింది. నిలబడే అంతా చెప్పింది. ఆయన వింటూ వింటూ సెల్‌ఫోనులో టైము చూసుకుని, మిద్దె మీదికి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి ఆయాసం.

"ఏడు నిమిషాలమ్మా, ఐదు కాదు. ఏడు నిమిషాలు ముందుంది."

"మొదట ఐదే అయ్యుంటుంది సార్. రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్త పరుగెత్తి ఉంటుంది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "కారణం దొరికింది, సంతోషమే. సూర్యుడు ఎంత కిందికి దిగాడన్నది టైమును బట్టే కదా లెక్కేస్తాం. టైము ముందుంటే సాయంత్రం దిగినదానికంటే ఎక్కువ దిగాడనుకుంటాం, పొద్దున లేచినదానికంటే ఎక్కువ లేచాడనుకుంటాం. అందుకే ఒకటి తగ్గి ఒకటి పెరిగింది. కానీ ఏ రోజు ఎంత ముందుందో తెలియకుండా సరిదిద్దలేం. మూడేళ్లలో ఏ రోజు ఐదు, ఏ రోజు ఆరు? అది ఎవరు రాసిపెట్టారు?"

సందెమ్మ రిజిస్టరు తిప్పి, చివరి గడి మీద వేలు పెట్టింది.

ఆయన చదివాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. లేచి, అలమరలోంచి పంతొమ్మిదేళ్ల రిజిస్టర్లూ తనే మోసుకొచ్చాడు. అదే తేదీ, నాలుగేళ్ల క్రితం: ట్యాంకు మీద ఎండ పోయింది. అదే తేదీ, పదేళ్ల క్రితం. పదిహేనేళ్ల క్రితం. అన్నీ నిమిషం లోపు తేడాలో వరసగా నిలబడ్డాయి. మూడేళ్ల క్రితం దగ్గరికి వచ్చేసరికి ఐదు నిమిషాలు ఆలస్యం. మరుసటేడు ఐదున్నర దాటింది. మబ్బు లేని ప్రతి రోజూ సూర్యుడే వచ్చి టైము చెప్పి వెళ్లాడు, ఆమె రాసి పెట్టింది.

"ఇంట్లో కూర్చుని ఇవి అల్లలేరు ఎవరూ" అన్నాడాయన తనలో తాను. తర్వాత తలెత్తి, "నిజంగా ట్యాంకు మీద గోడ కట్టారు కాబట్టే ఆలస్యమవుతోందనుకున్నారా?"

"అవును సార్."

"అమ్మా, ఐదు నిమిషాలు ఎక్కువ ఎండ తగలాలంటే ఆ ట్యాంకు కిలోమీటరు పైకి లేవాలి."

"అంతెత్తు ఎక్కిన నీళ్లు ఈ వీధికి ఎప్పుడొస్తాయి సార్, ఇప్పుడున్న ట్యాంకుకే కొళాయి దగ్గర కొట్టుకుంటున్నాం" అంది ఆమె. ఆయన పగలబడి నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్వడం ఆమె మొదటిసారి వింది.

తర్వాత తొమ్మిది రోజులు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె తేదీలు చదివింది, ఆయన లెక్కకట్టాడు. మబ్బు రోజులకు అటూ ఇటూ ఉన్న రోజులు చూసి మధ్యది తీసుకున్నారు. దర్జీ దస్తూరీ వచ్చినప్పుడు సారు ఆగి, "ఈ టీ తాగింది ఎవరమ్మా?" అని అడిగాడు. చెబితే, "ఆయన టైములు కూడా సరిగ్గా ఉన్నాయి" అన్నాడు. ఆ ముక్క ఇంట్లో చెబితే దర్జీ వారం రోజులు మీసం మీద చెయ్యి తీయలేదు. సరిదిద్దిన గీతలో సాయంత్రం మళ్లీ పొద్దుటిని దాటి తన చోటికి చేరింది. ఇరవై రెండేళ్లూ పూర్తిగా వెళ్లాయి. తప్పు ఎలా జరిగిందో, ఎలా దొరికిందో సారు ఒక పేజీ రాశాడు. తప్పుకు కారణం పరిశీలకురాలి గడియారమని, దిద్దుబాటుకు ఆధారం పరిశీలకురాలి పుస్తకమని అందులో ఉంది. మొదటి ముక్క తీసేస్తానని ఆయనంటే ఆమె ఒప్పుకోలేదు.

యంత్రం టైము సరిచేశారు. గోడ గడియారాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. సందెమ్మే స్టూలెక్కి, ముల్లు ఐదు నిమిషాలు వెనక్కి తిప్పింది.

ఆ సాయంత్రమే కొంప మునిగినంత పనైంది. కింద ఫైళ్ల గదిలో పని ముగించి ఒకసారి పైకొచ్చి గోడ వైపు చూసి, అలవాటుగా మనసులో ఐదు తీసేసుకుని, ఇంకా టైముందిలే అని మళ్లీ కిందికి దిగింది. సగం మెట్లు దిగాక గుర్తొచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చేసరికి పిట్టగోడ దగ్గర సారు నిలబడి ఉన్నాడు. మూత తీసి ఉంది. గాజు తుడిచి ఉంది, మూలల్లో మాత్రం మరకలు వదిలేశాడు.

"ఇరవై రెండేళ్లలో మొదటి ఆలస్యం" అన్నాడు.

"రాసుకోండి సార్" అంది, ఆయాసపడుతూ మూలలు తుడుస్తూ.

ఆమె పెన్ను తీసుకుని యంత్రం పక్కన కూర్చుంది. ఆయన ట్యాంకు వైపే చూస్తున్నాడు. నీడ ట్యాంకు స్తంభాల మీదుగా పైకి పాకుతోంది.

"పోయింది" అన్నాడాయన.

ఆమె రాయలేదు. కూర్చున్నచోటి నుంచే తలుపులోంచి చూసింది. "ఇంకా లేదు సార్. కుడి పక్క అంచు చూడండి."

ఆయన కళ్లు చికిలించాడు. ట్యాంకు అంచు మీద దారప్పోగంత వెలుగు. అది సన్నబడింది, ఇంకా సన్నబడింది.

"ఇప్పుడు" అంది సందెమ్మ, టైము రాసింది.